ఫార్మాట్ కొట్టే ముందు

ఇంట్లో సిస్టం ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. రెండు రోజులకు ఇంకో రకంగా పడిపోతుంది. అలాంటి సిస్టాన్ని దుకాణానికి మోసుకెళ్ళిన ప్రతివారూ వినే మాట ఒకటుంది: "ఫార్మాట్ కొడితే సరిపోతుందండీ." ఆ మాట మీద ఇద్దరు వాదించుకుంటే ఎలా ఉంటుందో ఇక్కడ రాశాను. ఒకరు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవాడు తెనాలిలో కంప్యూటర్ సర్వీసు దుకాణం నడిపే టెక్నీషియన్, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. బల్ల మీదున్నది మాస్టారి పొరుగింటావిడ సిస్టం. ఆవిడ రచయితల రాతప్రతులు ఇంట్లోనే కూర్చుని యూనికోడ్‌లో టైపు చేసిపెడతారు. ఆర్నెల్లలో దానికి రెండుసార్లు ఫార్మాట్ అయింది, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. నా మొగ్గు ఎటో దాచను, మాస్టారి వైపే. అయినా టెక్నీషియన్ మాటల్లో తోసిపుచ్చలేనివి చాలా ఉన్నాయి.

టెక్నీషియన్: ఇందులో ఆలోచించడానికేం లేదు మాస్టారూ. డేటా కాపీ చేసి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా ఎక్కిస్తాను. సాయంత్రానికల్లా పట్టుకెళ్ళొచ్చు.

మాస్టారు: కిందటిసారీ అదే చేశావు కదయ్యా. ఎన్నాళ్ళు పనిచేసింది?

టెక్నీషియన్: నెల పైనే చేసింది. ఆ తర్వాత మేడంగారు ఏం ఎక్కించారో మనకేం తెలుసు? ఎవరో పంపిన ఫైలు, ఎక్కడో దొరికిన క్రాక్ సాఫ్ట్‌వేర్, ఒకదాని మీద ఇంకో యాంటీవైరస్. అడిగితే అందరిదీ ఒకటే మాట, "ఏమీ చేయలేదండీ, దానంతటదే అయింది" అని.

మాస్టారు: ఆవిడ ఏం జరిగిందో తేదీలతో రాసిపెట్టారు, చూడు. ఒకరోజు వర్డ్ దానంతటదే మూసుకుంది. ఇంకోరోజు బ్రౌజర్‌లో ట్యాబ్ పోయింది. తమ్ముడు పంపిన జిప్ ఫైలు విప్పబోతే పాడైందని చెప్పింది. అదే ఫైలు వెంటనే మళ్ళీ విప్పితే చక్కగా వచ్చింది. బ్లూ స్క్రీన్లు వచ్చిన ప్రతిసారీ ఫోనుతో ఫొటో తీశారు. ఒకదాని మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంది, ఇంకోదాని మీద పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, వేరొకదాని మీద ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. ఏ రెండూ ఒకటి కాదు. సాఫ్ట్‌వేర్ తప్పయితే ఇన్ని రకాలుగా ఎందుకు పడిపోతుంది?

టెక్నీషియన్: విండోస్ పాడైతే అన్నీ పాడవుతాయి మాస్టారూ.

మాస్టారు: పాడైన ఫైలు ఎప్పుడూ ఒకే చోట పాడై ఉంటుంది. దాన్ని వాడుకునే ప్రోగ్రాం ప్రతిసారీ అక్కడే తడబడుతుంది. చెడ్డ డ్రైవరూ అంతే. బ్లూ స్క్రీన్ మీద అదే కోడ్, చాలాసార్లు అదే డ్రైవర్ ఫైలు పేరు. పేరు మారకపోతే నేనూ సాఫ్ట్‌వేర్‌నే అనుమానిస్తాను. పూటకో కోడ్, పూటకో ప్రోగ్రాం అంటే వాటన్నిటికీ అడుగున ఉన్న ర్యామో, కరెంటో, ప్రాసెసరో చూడాలి.

టెక్నీషియన్: మీరు చెప్పేది వినడానికి బాగుంది. కానీ ఆ లెక్కన నా దుకాణం నడవదు. ఫార్మాట్‌కు ఇచ్చే నాలుగైదు వందలు ఇవ్వడానికే బేరమాడతారు. ర్యామ్ టెస్టు పెడితే రాత్రంతా బల్ల ఆగిపోతుంది. టెస్టులో ఏమీ దొరక్కపోతే, "ఏమీ చేయలేదుగా, డబ్బులెందుకు" అంటారు. ఫార్మాట్ చేస్తే పని కళ్ళకు కనిపిస్తుంది. కొత్త డెస్క్‌టాప్, కొత్త ఐకాన్లు. వెతకడానికి కూలి ఇచ్చేవాళ్ళేరీ?

ఈ ప్రశ్నకు మాస్టారు వెంటనే జవాబు చెప్పలేకపోయారు. నాకూ జవాబు తెలియదు. మన ఊళ్ళలో రిపేరు అంటే వస్తువు మార్చడమో, కొత్తది వేయడమో. లోపం ఎక్కడుందో పట్టుకోవడం కూడా పనేనని, దానికీ డబ్బులివ్వాలని కస్టమర్లం ఇంకా ఒప్పుకోలేదు. టెక్నీషియన్ మీద కోపగించుకునే ముందు అది గుర్తుంచుకోవాలి.

టెక్నీషియన్: ఇంకో మాట. ఫార్మాట్ కూడా ఒక పరీక్షేనండీ. కొత్త విండోస్ వేశాక కూడా పడిపోతే సాఫ్ట్‌వేర్ తప్పు కాదని తేలిపోయినట్టే కదా. ఒక అనుమానం కొట్టేశాం. ఇది మీరు చెప్పిన పద్ధతే.

మాస్టారు: పరీక్షేనని ఒప్పుకుంటాను. అయితే సాక్ష్యం మొత్తం చెరిపేసి చేసే పరీక్ష. విండోస్ బ్లూ స్క్రీన్‌తో పడిపోయినప్పుడు మామూలుగా సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద మినీడంప్ అనే ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు వదిలి వెళుతుంది. ఆ క్షణంలో ఏం నడుస్తోందో అందులో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీతో దాన్ని చదవొచ్చు. రిలయబిలిటీ మానిటర్ తెరిస్తే ఏ తేదీన ఏది పడిపోయిందో, అంతకుముందు ఏది ఇన్‌స్టాల్ అయిందో రోజువారీగా చూపిస్తుంది. నువ్వు రెండుసార్లు ఫార్మాట్ కొట్టావు, రెండుసార్లూ అవన్నీ పోయాయి. అదే పరీక్ష ఏమీ చెరపకుండా చేయొచ్చు. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ వేసి, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా దాని మీదే సిస్టాన్ని ఒక పూట నడిపించు. అక్కడా పడిపోతే ఆవిడ విండోస్‌ది తప్పు కాదు. ఫార్మాట్ అవసరమే లేదు.

టెక్నీషియన్: మినీడంప్ అన్నారు కాబట్టి చెబుతున్నా, ఆ లాగ్‌లను అంత నమ్మకండి. ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూడండి. ఏ బాధా లేని సిస్టంలో కూడా ఎర్ర గుర్తులు వందల్లో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఫోన్లు చేసి మోసం చేసేవాళ్ళు జనాన్ని భయపెట్టేది ఆ ఎర్ర గుర్తులు చూపించే. ఇక కెర్నల్ పవర్ 41. దాన్ని గూగుల్‌లో వెతికి "ఎస్ఎంపీఎస్ పోయిందట" అని వచ్చేవాళ్ళు నాకు వారానికొకరు తగులుతారు. దానర్థం కిందటిసారి సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని, అంతే. కరెంటు పోయినా 41 వస్తుంది. హ్యాంగ్ అయితే బటన్ నొక్కిపట్టి ఆపినా 41 వస్తుంది. కారణం అందులో ఉండదు.

మాస్టారు: నిజం. పడిపోయిందన్న సంగతి అది చెబుతుంది, ఎందుకో చెప్పదు.

టెక్నీషియన్: మరో సంగతి మీకు తెలుసో లేదో. "రాత్రి షట్‌డౌన్ చేశా, పొద్దున ఆన్ చేశా, అయినా అలాగే ఉంది" అంటారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. షట్‌డౌన్ కొడితే విండోస్ కెర్నల్ పూర్తిగా ఆగదు, దాని స్థితి డిస్కులో దాచుకుని, పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. ఇరుక్కుపోయిన డ్రైవరు అలాగే ఇరుక్కుని ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ చూస్తే వారం రోజులని ఉంటుంది, మనిషేమో రోజూ ఆపుతున్నానంటాడు. నిజంగా మొదటి నుంచి మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. ఇది చెప్పి డబ్బులు తీసుకోకుండా పంపించినవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు.

మాస్టారు: ఇది మా కాలనీలో అందరికీ చెప్పాల్సిన సంగతి.

టెక్నీషియన్: గడియారం సంగతీ చెప్పండి. ఒకాయన నెట్ బాగాలేదని కనెక్షనే మార్చేశాడు. ఏ సైటు తెరిచినా సురక్షితం కాదని వస్తోందట. చూస్తే సిస్టంలో తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. సైటు సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది కదా, ఆ తేదీ ఇంకా రాలేదనుకుని బ్రౌజర్ అడ్డం పడుతోంది. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, అంతే. దానికి ఫార్మాట్ చేస్తే ఏమొస్తుంది? నేను చేయలేదు.

మాస్టారు: అదే అంటున్నాను. నీకు వెతకడం చేతనవును. ఈ సిస్టం దగ్గరే ఎందుకు తొందరపడుతున్నావు?

టెక్నీషియన్: ఎందుకంటే పదింట ఎనిమిది సాఫ్ట్‌వేరే మాస్టారూ. మీరు చూసే ఉంటారు, 2024 జూలై 19న ప్రపంచమంతా నీలి తెరలే. విమానాలు ఆగిపోయాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్ ఫైలు వల్ల 85 లక్షల విండోస్ సిస్టాలు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. ఏ ర్యామూ పోలేదు, ఏ బోర్డూ కాలలేదు.

మాస్టారు: మంచి ఉదాహరణే ఇచ్చావు. ఎలా బాగుచేశారో కూడా చెప్పు. సేఫ్ మోడ్‌లో లేపి, ఫలానా ఫోల్డర్‌లో ఆ ఒక్క ఫైలు తీసేశారు. కారణం తెలిసింది కాబట్టి ఒక ఫైలుతో పోయింది. తెలియకపోతే 85 లక్షల ఫార్మాట్లు చేయాల్సి వచ్చేది. అదే ఏడాది జరిగిన ఇంకో సంగతి చెప్తాను. ఇంటెల్ 13వ తరం, 14వ తరం కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న సిస్టాల్లో ఆటలు పడిపోయేవి. తెర మీద ఏమని వచ్చేదో తెలుసా? వీడియో మెమరీ చాలడం లేదని. పాపం జనం ఏం చేస్తారు? గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చారు, గ్రాఫిక్స్ కార్డులు మార్చారు, విండోస్ మళ్ళీ వేశారు. తప్పు ప్రాసెసర్‌లో ఉంది. మైక్రోకోడ్ లోపం వల్ల అది ఉండాల్సినదానికంటే ఎక్కువ వోల్టేజీ అడిగి పుచ్చుకుంటోందని 2024 జూలైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టు నుంచి బయాస్ అప్‌డేట్లు వచ్చాయి, వారంటీ రెండేళ్ళు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే. తెర మీద కనిపించిన పేరు పట్టుకుని వెళ్ళినవాళ్ళంతా దారి తప్పారు.

టెక్నీషియన్: అది ఖరీదైన గేమింగ్ సిస్టాల గొడవ. మేడంగారిది పాత డీడీఆర్ 3 బోర్డు. నా అనుభవంలో హార్డ్‌వేర్ అంటే మొదట కరెంటు. మన ఇళ్ళలో ఎర్తింగ్ ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలిస్తారు, క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. రాత్రి ఏడు దాటితే వోల్టేజీ పడిపోతుంది. యూపీఎస్‌లో బ్యాటరీ రెండు మూడేళ్ళకు చచ్చిపోయుంటుంది, కరెంటు పోయిన మరుక్షణం సిస్టం కూడా పోతుంది. ఇన్వర్టరుంటే వెనక చిన్న స్విచ్చి ఉంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలని చాలామందికి తెలియదు. మామూలు మోడ్‌లో మారేసరికి ఫ్యానుకు ఏమీ తెలియదు, కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది.

మాస్టారు: ఆవిడ ఇంట్లో అవన్నీ చూశాను. ఎర్తింగ్ ఉంది. ఎస్ఎంపీఎస్ పన్నెండు వోల్టుల లైను మల్టీమీటరుతో కొలిచాను. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. టైపు చేస్తున్నప్పుడూ, వీడియో నడుస్తున్నప్పుడూ ఆ మధ్యలోనే ఉంది.

టెక్నీషియన్: మల్టీమీటర్ సగటు చూపిస్తుంది మాస్టారూ. క్షణంలో వెయ్యో వంతు పడి లేస్తే దానికి తెలియదు. అందుకే నేను కొలవను, మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి చూస్తాను. నా దుకాణానికి ఉన్న బలం అదే. తెలిసిన ఎస్ఎంపీఎస్, తెలిసిన ర్యామ్, తెలిసిన కేబుల్ నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఇంట్లో కూర్చుని లాగ్‌లు చదివేవాళ్ళకు అవి ఉండవు.

ఇక్కడ టెక్నీషియన్ మాటే ఒప్పు. అనుమానమున్న భాగం తీసి, బాగుందని ముందే తెలిసిన భాగం పెట్టి చూడటాన్ని మించిన పరీక్ష ఇంటి కంప్యూటరుకు లేదు. మాస్టారు కూడా అది కాదనలేదు. ఆయన పట్టుబట్టింది వేరే చోట.

మాస్టారు: మార్చి చూడటం బ్రహ్మాండమైన పద్ధతి. కానీ కిందటిసారి ఏం చేశావు? ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దావు, ఎస్ఎంపీఎస్ మార్చావు, ప్రాసెసర్ మీద పేస్టు వేశావు, దుమ్ము ఊదావు, విండోస్ ఎక్కించావు. అన్నీ ఒకే పూట. నెల రోజులు బాగుంది. ఆ ఐదింట్లో దేనివల్ల బాగుందో నువ్వు చెప్పగలవా?

టెక్నీషియన్: చెప్పలేను. కానీ కస్టమరుకు కావల్సింది నడవడం.

మాస్టారు: నడవలేదు కదయ్యా! ఒకటి మార్చి, మళ్ళీ పడిపోయేదాకా ఆగి, అప్పుడు రెండోది ముట్టుకోవాలి. లేకపోతే నెల తర్వాత మళ్ళీ మొదటికొస్తాం. రబ్బరు సంగతే తీసుకో. ర్యామ్ అంచున బంగారు పూత పలకలకు చెమ్మ, మురికి పడితే కాంటాక్టు సరిగ్గా ఉండదు, రుద్దితే బాగవుతుంది. మంచిదే. కానీ తీసి మళ్ళీ గట్టిగా గుచ్చడం వల్లే బాగైందేమో. ఆ స్లాటే చెడ్డదేమో.

టెక్నీషియన్: సరే, మీ అనుమానం ర్యామే అనుకుందాం. ర్యామ్ పోతే సిస్టం బీప్ కొట్టి ఆగిపోవాలి, డిస్‌ప్లే రాకూడదు. ఇది చక్కగా లేస్తోంది, పాటలు పాడుతోంది. పైగా ఫార్మాట్ చేస్తే నెల రోజులు బాగుంటోంది. ర్యామ్ పోతే ఫార్మాట్‌తో ఎలా బాగుంటుంది?

మాస్టారు: అసలు ప్రశ్న ఇదే. ఆవిడ సిస్టంలో ఉన్నది 8 జీబీ. అంటే దాదాపు 6,872 కోట్ల బిట్లు. పోయింది మొత్తం ర్యామ్ కాదు, అందులో ఒకటో రెండో బిట్లు. ఒక సత్రంలో ఒక గది మాత్రం కురుస్తుందనుకో. ఆ రాత్రి ఆ గది ఎవరికి దక్కితే వాళ్ళు తడుస్తారు. ఇవాళ వర్డ్, రేపు బ్రౌజర్, ఎల్లుండి విండోస్ కెర్నలే. కెర్నల్ తడిస్తే నీలి తెర. తడిసినవాళ్ళను పట్టుకుని నువ్వెందుకు తడిశావని అడిగితే ఏం లాభం? ఫార్మాట్ చేశాక విండోస్ తేలిగ్గా ఉంటుంది, నడిచేవి తక్కువ, ఆ గది ఎవరికీ దక్కదు, లేదా ఎవరికీ అక్కరలేని సామాను అందులో పడుతుంది. ఆవిడ మళ్ళీ ఫాంట్లు, వర్డ్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు పెట్టాక సత్రం నిండుతుంది. నీ నెల రోజుల లెక్క అదే.

టెక్నీషియన్: ఒక్క బిట్‌కే ఇంత గొడవా? ఎక్కడో కోటికొక్కటి కదా.

మాస్టారు: అంత అరుదేం కాదు. గూగుల్ తన సర్వర్ల మెమరీని రెండేళ్ళకు పైగా గమనించి 2009లో ఒక పత్రం ప్రచురించింది. ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ కార్డుల్లో తప్పులు కనిపించాయి. వాళ్ళ సర్వర్లలో ఉన్నది ఈసీసీ మెమరీ, తప్పును పట్టుకుని సరిచేసి లెక్క రాస్తుంది. మన ఇంటి సిస్టాల్లో మామూలుగా అది ఉండదు. తప్పు జరిగినా చెప్పే నాథుడు లేడు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో మామూలు వినియోగదారుల కంప్యూటర్ల నుంచి వచ్చిన క్రాష్ రిపోర్టులు లక్షల్లో చూశారు. హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి పడిపోయిన సిస్టం మళ్ళీ అలాగే పడే అవకాశం 100 రెట్ల వరకు పెరుగుతుందని తేల్చారు. "ఒకసారే కదా, వదిలెయ్" అనడానికి లేదు.

టెక్నీషియన్: విండోస్ తయారుచేసేవాళ్ళకు కూడా ఇలాంటివి తగులుతాయా?

మాస్టారు: తగలకేం? రేమండ్ చెన్ అని మైక్రోసాఫ్ట్‌లో పాత ఇంజనీరున్నాడు. జనం కంప్యూటర్లు పంపిన క్రాష్ రిపోర్టుల్లో కొన్ని అర్థంకాకుండా ఉన్నాయని 2005లో రాశాడు. ప్రాసెసర్‌లో ఒక చిన్న గడిని సున్నా చేసే ఆజ్ఞ దగ్గర ప్రోగ్రాం పడిపోయింది. అది మెమరీ జోలికి కూడా పోదు, విఫలమవడానికి అందులో ఏమీ లేదు. ఆరా తీస్తే ప్రాసెసర్‌ను దాని వేగానికి మించి పరిగెత్తిస్తున్నారని తెలిసింది. కొందరికైతే ఆ సంగతే తెలియదు, అమ్మిన దుకాణంవాళ్ళే అలా పెట్టి అమ్మేశారు. ఆయనే 2022లో ఇంకోటి రాశాడు. జానెట్ జాక్సన్ పాట ఒకటి వేస్తే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు పడిపోయేవట, పక్కనున్న ల్యాప్‌టాప్ కూడా. ఆ పాటలోని ఒక శబ్దం 5,400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్ సహజ పౌనఃపున్యంతో కలిసింది. అనునాదం! నేను ముప్పై ఏళ్ళు శృతిదండంతో చెప్పిన పాఠం అక్కడ హార్డ్‌డిస్కును ఆపేసింది. ఎంత వింతగా కనిపించినా దాని వెనక ఒక కారణం ఉండి తీరుతుందయ్యా.

టెక్నీషియన్: కారణం ఉంటుంది సరే. దొరికేదాకా ఎన్ని రోజులు బల్ల మీద పెట్టుకోను?

మాస్టారు: ఒక్క రాత్రి. ఇవాళ ఫార్మాట్ చేయకు. దుకాణం మూసేటప్పుడు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ పెట్టి వెళ్ళు. ఇంకో కారణం కూడా ఉంది. చెడ్డ ర్యామ్ మీద విండోస్ ఎక్కిస్తే ఆ ఫైళ్ళన్నీ ర్యామ్ గుండానే డిస్కులోకి పోతాయి. పుట్టుకతోనే పాడైన విండోస్ ఎక్కించినవాడివవుతావు. అంతకంటే ముఖ్యం ఆవిడ డేటా. నువ్వు కాపీ చేస్తానన్నావే, ఆ కాపీ కూడా ఆ ర్యామ్ గుండానే పోతుంది.

టెక్నీషియన్: అది మాత్రం నేను ఆలోచించలేదు. సరే, టెస్టు పెడతాను. డిస్కు స్మార్ట్ రిపోర్టు కూడా తీస్తాను. రీఎలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు సున్నా ఉంటే డిస్కు జోలికి పోను. సీఆర్‌సీ ఎర్రర్ లెక్క పెరుగుతుంటే మాత్రం సాటా కేబుల్ మారుస్తాను, అది ముప్పావు వంతు కేసుల్లో... సరే, ముందు ర్యామే.

మర్నాడు పొద్దున దుకాణం తలుపు తీసేసరికి తెర మీద ఎర్ర వరుసలున్నాయి. మొదటి విడత పరీక్షలన్నీ దాటిపోయాయి. రెండో విడతలో పట్టుబడింది. ప్రతి వరుసలో మెమరీ చిరునామా, అక్కడ ఉండాల్సిన అంకె, ఉన్న అంకె. చిరునామా అన్నిటికీ ఒకటే. ఉండాల్సింది ఎనిమిది సున్నాలు, దొరికింది ఏడు సున్నాలు, చివర ఒక 2.

టెక్నీషియన్: రెండు కార్డులూ కలిపి ఉన్నప్పుడు వచ్చింది ఇది. ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి మళ్ళీ చూశాను. కార్డు ఏ స్లాటులో పెట్టినా తప్పు ఆ కార్డుతోనే వెళ్ళింది. స్లాట్లు బాగున్నాయి. రెండోసారి పరీక్షకు పెట్టిన 4 జీబీ కార్డు పోయింది. అది మార్చేస్తే చాలు, విండోస్ ముట్టుకోనక్కర్లేదు. మీరన్నదే నిజం మాస్టారూ.

మాస్టారు: చివర 2 వచ్చిందన్నావు. ఎప్పుడూ అదేనా?

టెక్నీషియన్: ఎప్పుడూ అదే. ఆ బిట్ సున్నా కావల్సినప్పుడు కూడా ఒకటిగానే ఉండిపోతోంది.

మాస్టారు: అయితే కార్డు మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఆవిడ టైపు చేసేది యూనికోడ్ తెలుగు. యూనికోడ్‌లో 'క' సంఖ్య 3093, 'గ' సంఖ్య 3095. తేడా 2. ఆ ఒక్క బిట్టే. 'త' 3108, 'ద' 3110. మళ్ళీ 2. టైపు చేసిన పేజీలో ఒక అక్షరం సరిగ్గా ఆ చిరునామాలో పడితే, 'క' కాస్తా 'గ' అయిపోతుంది. కడప గడప అవుతుంది, కుడి గుడి అవుతుంది, కాలి గాలి అవుతుంది. అన్నీ మంచి తెలుగు మాటలే, ఏ స్పెల్ చెకరూ పట్టుకోదు.

టెక్నీషియన్: వర్డ్ ఫైలు పాడైతే తెరుచుకోదు కదండీ?

మాస్టారు: డాక్స్ ఫైలు లోపల జిప్పే. మూట కట్టాక పాడైతే సీఆర్‌సీ అనే సరిచూసే లెక్క సరిపోదు, పట్టుబడుతుంది. మూట కట్టకముందే ర్యామ్‌లో అక్షరం మారిపోతే, మారిన అక్షరానికే వర్డ్ సీఆర్‌సీ లెక్క కడుతుంది. ఫైలు నిక్షేపంగా తెరుచుకుంటుంది. సిస్టం పడిపోయిన రోజులు ఆవిడ లెక్క రాశారు, మంచిదే. సిస్టం పడిపోకుండా తప్పు జరిగిన రోజుల లెక్క ఎవరి దగ్గరా లేదు.

టెక్నీషియన్: అయితే ఈ ఆర్నెల్లలో టైపు చేసినవన్నీ మళ్ళీ చదవాలా?

మాస్టారు: రాతప్రతితో పోల్చి చదవాలి. ముఖ్యంగా అచ్చుకు వెళ్ళబోయేవి. తప్పు ఒక్కటి కూడా లేకపోవచ్చు. ఒకటుంటే మాత్రం అది ఆవిడ టైపింగ్ తప్పుగానే మిగిలిపోతుంది, రచయిత ఆవిడనే అంటాడు. ఆవిడ చేయని తప్పుకు ఆ మాట పడటం నాకిష్టం లేదు.

టెక్నీషియన్ కొత్త కార్డు వేసి, దాని మీద కూడా ఒక రాత్రి టెస్టు నడిపి, విండోస్ కదపకుండా సిస్టం అప్పగించాడు. ఫార్మాట్‌కు తీసుకునేదానికంటే ఎక్కువే అడిగాడు. ఆవిడ ఇచ్చారు, ఇవ్వడం న్యాయం కూడా.

ఇది చదివే మీ ఇంట్లో పూటకో రకంగా పడిపోయే సిస్టం ఉంటే, దుకాణానికి పంపేటప్పుడు ఒక కాగితం మీద ఏ రోజు ఏది పడిపోయిందో రాసి జతచేయండి. ఫార్మాట్ చేసే ముందు ఒక రాత్రి మెమరీ టెస్టు పెట్టమని అడగండి, దానికి డబ్బులిస్తామని కూడా చెప్పండి. ముఖ్యంగా ఆ టెస్టు తేలేదాకా మీ పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ రాయకండి. ర్యామ్ చెడకముందు తీసిన కాపీ అదొక్కటే కావచ్చు.